బొమ్మ చేతికి వేళ్లు ఎందుకు కావాలి: టీవీలో పిల్లలకు సరళీ వరుసలు నేర్పిన అనుభవం

మా ఇంటి వరండాలో కొత్తగా చేరిన ఆరేళ్ల పిల్ల మఠం వేసుకుని కూర్చుని, అడగకుండానే మొదటి సరళీ వరుస, అంటే కర్ణాటక సంగీతంలో 'స రి గ మ ప ద ని స' అనే తొలి పాఠం, అందుకుంది. గొంతు బాగుంది. శ్రుతిలో నిలిచింది. కానీ తాళం ఎడమచేత్తో వేస్తోంది. అందులోనూ వేళ్ల లెక్క లేదు. ఎనిమిదిసార్లూ పిడికిలితో తొడ మీద కొట్టడమే. "ఇలా ఎవరు నేర్పారమ్మా?" అని అడిగితే, "మువ్వ నేర్పింది టీచర్" అంది.

మువ్వ ఒక బొమ్మ. మా ఊరి కేబుల్ ఛానల్‌లో వారానికి ఒకసారి వచ్చే పిల్లల సంగీత కార్యక్రమంలో ముఖ్యపాత్ర. అది ఏం పాడాలో, ఎక్కడ ఆగాలో, తాళం ఎలా వేయాలో నిర్ణయించింది నేను. అంటే ఆ పిల్ల చేతికి తప్పు అలవాటు చేసింది కూడా నేనే. ఆ రోజు నుంచి కార్యక్రమాన్ని మొదటి నుంచి మళ్లీ చూసుకుంటూ వచ్చాను. పిల్లలకు బొమ్మలతో సంగీతం నేర్పాలనుకునేవారికి పనికి వస్తుందని మా పదమూడు భాగాల అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను.

తిరుపతిలో పిల్లలకు సంగీతం వినడానికి కొదవ లేదు. తెల్లవారుజామున సుప్రభాతం, గోవిందరాజస్వామి గుడి దగ్గర నాదస్వరం, డోలు, వేసవిలో గంగమ్మ జాతర వస్తే వీధివీధినా పంబ, పలకల దరువు. అయితే వినే పిల్లల్లో నేర్చుకునేవారు చాలా తక్కువ. నేర్పేవారి ఇళ్లు ఊరి నడుమ నాలుగైదు వీధుల్లోనే ఉంటాయి. ఊరి చివరి కాలనీల నుంచి చిన్నపిల్లను వారానికి మూడు సాయంత్రాలు తీసుకొచ్చి, గంట కూర్చుని, మళ్లీ తీసుకెళ్లగలిగే తల్లి ఎంతమందికి ఉంటుంది? టీవీ ఆ ఇంటికి వెళ్లగలదు కదా అన్న ఆశతోనే ఈ పనికి ఒప్పుకున్నాను.

ఛానల్ నిర్మాత అన్నమయ్య కీర్తనలతో మొదలుపెడదామన్నారు. ఊరంతటికీ తెలిసినవి, పెద్దలూ చూస్తారు అని ఆయన వాదన. నేను ఒప్పుకోలేదు. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో దాచారు. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. అందుకే సాహిత్యం దొరికినా, వాటిలో చాలా పాటలకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కొత్తగా వరుసలు (బాణీలు) కట్టవలసి వచ్చింది. వరుస అనేది ఒకరు పాడితే ఇంకొకరు విని, తిరిగి పాడి, దిద్దించుకుంటేనే నిలుస్తుంది. టీవీకి పాడటం వచ్చు, వినడం రాదు. అలాంటప్పుడు గమకాలు (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలకడం) నిండిన కీర్తన ఇస్తే పిల్లలు పైపై వరుస మాత్రం పట్టుకుంటారు. దిద్దేవారు లేకపోయినా పెద్దగా చెడిపోనిది ఏదో అదే ముందు ఇవ్వాలి. సరళీ వరుసలు అలాంటివి. పిల్లల అభ్యాసం కోసం పురందరదాసు (1484–1564) ఏర్పరచిన క్రమమని సంప్రదాయం చెప్పే ఆ పాఠాలనే పదమూడు భాగాలకూ తీసుకున్నాం.

మొదటి తప్పు: తాతను గురువును చేయడం

రెండు బొమ్మలు. తంబూరా తాత, మనవరాలు మువ్వ. తాత తలను శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో చెక్క పని చేసే ఒకాయన చెక్కిచ్చారు. ఎంత బాగా కుదిరిందంటే నుదుటి ముడతల్లో కూడా ఓపిక కనిపించేది. కానీ చెక్క తలను చేయి పైకెత్తి ఆడించేవారికి పది నిమిషాలకే భుజం వణికేది. తాత పాడుతూ వణికితే పిల్లలకు భయం వేస్తుంది. ఆ తలను స్టాండుకు బిగించి తాతను కూర్చోబెట్టేశాం. మువ్వను స్పాంజితో, మెత్తటి గుడ్డతో చేశాం.

మొదటి మూడు భాగాలలో తాత పాడతాడు, మువ్వ వింటుంది, తర్వాత మువ్వ చక్కగా పాడుతుంది, తాత మెచ్చుకుంటాడు. మా తరగతి గదుల్లో జరిగేది ఇదే కనుక ఇదే సరైనదనుకున్నాం. ఒక ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి పిల్లలను కూర్చోబెట్టి మొదటి భాగం చూపించాం. ఒక్కరు కూడా చూపు తిప్పలేదు. మా బృందం సంతోషానికి హద్దు లేదు. నేను మాత్రం టీవీ వైపు కాకుండా పిల్లల నోళ్ల వైపు చూస్తున్నాను. గదిలో ఇద్దరో ముగ్గురో పాడుతున్నారు. మిగతావారంతా నోరు తెరుచుకుని చూస్తున్నారు.

బొమ్మల కార్యక్రమాలను ముందుగా పిల్లలకు చూపించి పరీక్షించడం కొత్త కాదు. 1969 నవంబరు 10న అమెరికాలో మొదలైన సెసమీ స్ట్రీట్ కోసం ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు ఒక పద్ధతి వాడారు. టీవీ పక్కనే ఇంకో తెర పెట్టి, దాని మీద ఏడున్నర సెకన్లకు ఒక చిత్రం మారుతూ ఉంటే, పిల్ల చూపు ఎప్పుడు అటు పోతుందో లెక్క రాసుకునేవారు. చూపు నిలిచిందంటే కార్యక్రమం పట్టుకుందని అర్థం. అక్షరాలకూ అంకెలకూ అది మంచి కొలత. సంగీతానికి ఆ కొలత చాలదని నాకు ఆ గదిలో తెలిసింది. కన్ను టీవీకి అతుక్కుని, గొంతు మూగగా ఉండిపోవచ్చు. అప్పటి నుంచి మా పరీక్షలో రెండే చూశాం: పెదవులు కదిలాయా, చెయ్యి కదిలిందా.

పిల్లలు ఎందుకు పాడలేదు? ఒక అబ్బాయిని అడిగాను. "మువ్వకు వచ్చేసింది కదా" అన్నాడు. వాడి మాటలో పూర్తి న్యాయం ఉంది. పాడవలసింది మువ్వ, మువ్వ పాడేసింది, పని అయిపోయింది. ఇక వాడు ఎందుకు పాడాలి?

మువ్వ ఏ తప్పు చేయవచ్చు

దానితో పాఠాన్ని తిరగేశాం. మువ్వకు రాదు. మువ్వకు పిల్లలే సాయం చేయాలి. ఆలోచన మంచిదే, అమలు చేసేటప్పుడు నేను పెద్ద పొరపాటు చేశాను. నాలుగో భాగంలో మువ్వ 'రి' తప్పు పాడుతుంది. ఈ పాఠాల రాగమైన మాయామాళవగౌళలో ఉండవలసిన శుద్ధ రిషభానికి ('స'కు దగ్గరి 'రి'కి) బదులు పైనున్న చతుశ్రుతి రిషభం పాడుతుంది, తాత "కాదమ్మా" అని దిద్దుతాడు. పిల్లలు పగలబడి నవ్వారు. మరుసటి వారం నా దగ్గర నేర్చుకునే పిల్లలే ఆ తప్పు 'రి'ని నవ్వుకుంటూ పాడసాగారు. నవ్వు తెప్పించినది ఏదైనా చెవిలో గట్టిగా నాటుకుంటుంది. ఇద్దరి గొంతుల్లో అది నవ్వు పోయాక కూడా మిగిలిపోయింది. దాన్ని తీయడానికి నాకు నెలకు పైగా పట్టింది.

అప్పుడు ఒక నియమం రాసుకుని రికార్డింగు గది తలుపుకు అంటించాం. మువ్వ మరిచిపోవచ్చు. తొందరపడవచ్చు. తాళం వదిలేయవచ్చు. నిద్రపోవచ్చు. అపస్వరం మాత్రం ఎప్పుడూ పాడకూడదు. తప్పు రాత పలక మీద ఉంటే తుడిచేయవచ్చు, చెవిలో పడిన స్వరాన్ని తుడిచే గుడ్డ లేదు.

మరిచిపోవడమే అన్నింటికంటే బాగా పనిచేసింది. మువ్వ "స రి గ మ..." అని పాడుతూ ఆగిపోతుంది. కళ్లు పైకెత్తుతుంది. చెంప గోక్కుంటుంది. పిల్లలు తట్టుకోలేరు. అదే పాఠశాలలో, అదే గదిలో, "ప!" అని ఒక్కసారిగా అరిచారు. అరిచారని ఎందుకంటున్నానంటే అది శ్రుతిలో లేదు. రెండోసారి మువ్వ ఆగినప్పుడు, తాత తంబూరా మీద పంచమం ('ప') తీగను ఒక్కసారి మీటాడు. ఈసారి గదిలో సగం మంది ఆ తీగ మీదే వాలారు. ఈ పని మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన క్షణం అది.

ఎనిమిది సెకన్లు

పిల్ల పాడాలంటే టీవీ ఆగాలి. ఎంతసేపు? ఈ ప్రశ్న మీద మేం చాలా రోజులు తగవులాడుకున్నాం. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. నిమిషానికి 60 దెబ్బల నడకలో దాని ఒక ఆవర్తనం (ఒక పూర్తి చుట్టు) అంటే ఎనిమిది సెకన్లు. తాత ఎనిమిది సెకన్లు పాడితే, పిల్లకు ఎనిమిది సెకన్లు వదలాలి. టీవీలో ఎనిమిది సెకన్ల ఖాళీ అంటే ఎడిటర్‌కు గుండె ఆగినంత పని. మధ్యేమార్గంగా ఆయన ఒక ఉపాయం చెప్పారు. తాత "స రి గ మ" అంటాడు, పిల్లలు వెంటనే "స రి గ మ" అంటారు. నాలుగు సెకన్లే ఖాళీ.

వినడానికి ముచ్చటగా ఉంది. అయితే తాళంలో పెట్టి చూడండి. ఆది తాళంలో మొదటి నాలుగు అక్షరాలు లఘువు, తర్వాతి నాలుగు రెండు ద్రుతాలు. తాత ఎప్పుడూ లఘువు మీద పాడతాడు, పిల్ల ఎప్పుడూ ద్రుతాల మీద పాడుతుంది. పదమూడు వారాలు అలా గడిస్తే 'స' అనేది తాళం సగంలో మొదలవుతుందని ఆ పిల్ల చేతికి స్థిరపడిపోతుంది. చిన్న సౌకర్యం కోసం పునాదిని పక్కకు జరిపినట్లు అవుతుంది. పూర్తి ఆవర్తనం వదలాల్సిందే అని పట్టుబట్టాను. ఆరేళ్ల పిల్లకు ఎనిమిది స్వరాలకు ఒకే ఊపిరి చాలదు కాబట్టి 'మ' తర్వాత ఊపిరి తీసుకునేందుకు వీలిచ్చాం. తాత కూడా అక్కడే, అందరికీ కనిపించేలా ఊపిరి తీసుకుంటాడు.

ప్రసారమైన మొదటి రోజే ఇబ్బంది వచ్చింది. ఆ ఖాళీ రాగానే ధ్వని పోయిందనుకుని ప్రసారం చూసుకునే అబ్బాయి ప్రకటన వేసేశాడు. అతని తప్పేమీ లేదు, మేం ముందుగా చెప్పలేదు. అయితే ఆ సంఘటన మాకు ఒక మేలు చేసింది. ఖాళీలో పూర్తి నిశ్శబ్దం ఉంచడం సంగీతపరంగా కూడా పొరపాటేనని అప్పుడు తట్టింది. తంబూరా ఆగితే పిల్ల దేన్ని పట్టుకుని పాడుతుంది? ఆ తర్వాత ఎనిమిది సెకన్లూ తంబూరా మోగుతూనే ఉంది, తాత చేయి తాళం వేస్తూనే ఉంది, మువ్వ చెవి దగ్గర చేయి పెట్టుకుని టీవీలోంచి బయటకు వంగి వింటూ ఉంటుంది. ఆ వంగడం చూసి చిన్నపిల్లలు నిజంగా టీవీకి దగ్గరగా జరిగి పాడతారు.

శ్రుతి విషయం ఇక్కడే చెప్పేస్తాను. మొదట అయిదు శ్రుతిలో (కీబోర్డు మీద G) రికార్డు చేశాం, పాడినది స్త్రీ గొంతు కనుక ఆమెకు అది హాయి. పిల్లలకు ఆధార షడ్జమం (మొదటి 'స') బాగా కిందికి పడిపోయింది. 'స' దగ్గర గుసగుసలాడి, 'ప' దాటాక కేకలు వేస్తున్నారు. ఇంకొంచెం ఎత్తైన ఆరు శ్రుతికి మార్చగానే సర్దుకుంది. పాడేవారి సుఖం కాకుండా వినేవారి సుఖం చూసి శ్రుతి పెట్టుకోవాలి. మంద్ర స్థాయి (కింది స్వరాల) పాఠాల జోలికి అసలు పోలేదు.

చీమ, లేడి, మనిషి

మాయామాళవగౌళ 72 మేళకర్తల్లో (మూల రాగాల్లో) పదిహేనవది. మొదటి పాఠాలు అందులోనే ఎందుకన్నది సంగీతం నేర్పేవారంతా ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనే ప్రశ్న. మా నిర్మాత కూడా అడిగారు. శంకరాభరణమైతే కీబోర్డు మీద తెల్లమెట్లన్నీ వరుసగా నొక్కితే చాలు కదా, పిల్లలకు సులువు కదా అని. కీబోర్డుకు సులువైనది గొంతుకు సులువు కావాలని లేదు. మాయామాళవగౌళలో స్వరాల మధ్య దూరాలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. ఒకటి చాలా దగ్గర, ఒకటి చాలా దూరం. అందుకే చెవి ఆ తేడాను పట్టుకోగలదు. అయితే ఆ తేడాను ఆరేళ్ల పిల్లకు చూపించడం ఎలా?

మా ఊరి పిల్లలకు మెట్లంటే ఏమిటో వేరే చెప్పాలా? అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. అమ్మానాన్నల వేలు పట్టుకుని ఎక్కినవాళ్లే సగం మంది. దారిలో చిన్న మెట్టు, పెద్ద మెట్టు, నడిచే చదును, కంచె అవతల లేళ్లు. ఆ దారినే తీసుకొచ్చి సెట్టు మీద పెట్టాం. ఎనిమిది మెట్లు, ఎనిమిది స్వరాలు. మెట్ల ఎత్తులు మాత్రం సమానంగా లేవు, అసలు దూరాల ప్రకారమే కట్టించాం. స నుంచి రి ఒక పాలు. రి నుంచి గ మూడు పాళ్లు. గ నుంచి మ మళ్లీ ఒకటి. మ నుంచి ప రెండు. ఆపైన ప నుంచి ద ఒకటి, ద నుంచి ని మూడు, ని నుంచి పై స ఒకటి.

ఒక పాలుకు చీమ. మూడు పాళ్లకు లేడి. రెండింటికి మనిషి. మువ్వ స మీద నిలబడి చీమలాగా ముడుచుకుని రి ఎక్కుతుంది, అక్కడి నుంచి లేడిలాగా గెంతి గ అందుకుంటుంది, మళ్లీ చీమలాగా మ. అక్కడ నిలబడి ఊపిరి పీల్చుకుని, మనిషిలాగా ఒక అడుగు వేసి ప. పిల్లలకు నోటికి పట్టేలా "చీమ, లేడి, చీమ, మనిషి, చీమ, లేడి, చీమ" అని వరుస కట్టాం. స్వరాల పేర్లు రాని పిల్లలు కూడా రెండోసారికే ఇది చెప్పేస్తున్నారు. రి పాడేటప్పుడు "చీమా చీమా" అని గుర్తు చేస్తే చాలు, గొంతు పైకి జారకుండా దగ్గరగా పట్టుకుంటున్నారు. నాలుగో భాగంలో మేం చేసిన నష్టాన్ని చాలావరకు తీర్చింది ఈ చీమే.

ఒక రోజు మూడో తరగతి అమ్మాయి మెట్ల బొమ్మను వేలితో కొలుస్తూ, "టీచర్, కింద ఎలా ఉందో పైన కూడా అలాగే ఉంది" అంది. స రి గ మ ఎలా నడుస్తుందో ప ద ని స కూడా అచ్చంగా అలాగే నడుస్తుంది. ఆ పోలిక పెద్ద పిల్లలకు పాఠంలో చెబుతాం. ఈ అమ్మాయి చీమను, లేడిని లెక్కపెట్టి తనంతట తాను కనుక్కుంది. తర్వాతి భాగంలో ఆ మాటను మువ్వ చేత చెప్పించాం.

చేతి సైగలతో స్వరాలు చూపించే పద్ధతి కూడా ఆలోచించాం. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ ప్రచారంలోకి తెచ్చి, తర్వాత హంగేరీలో కొడాయ్ పేరుతో స్థిరపడిన పద్ధతి అది. ఒక్కో స్వరానికి చేతితో ఒక్కో ఆకారం. మంచి పద్ధతే. కానీ మన పద్ధతిలో కుడిచేతికి ముందే తాళం పని ఉంది. ఒకే చేతికి రెండు పనులు చెప్పలేం కదా. మెట్లు చాలనుకున్నాం.

చెయ్యి

ఇక మొదట చెప్పిన పిల్ల దగ్గరికి వస్తాను.

లఘువు వేయాలంటే అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. ద్రుతానికి ఒక దెబ్బ, అరచేయి తిప్పడం. మువ్వ చేతిలో ఉన్నది స్పాంజి. వేళ్లు కుట్టినా కదలవు. చేతి వెనుక సన్నని కడ్డీ పెట్టి ఆడిస్తే పైకీ కిందికీ మాత్రమే పోతుంది. అందుకే మా మువ్వ ఎనిమిది అక్షరాలనూ ఎనిమిది దెబ్బలుగా వేసింది. పిల్లలు చూసినది చూసినట్లు నేర్చుకున్నారు. వేళ్ల లెక్క పోతే తాళంలో తాను ఎక్కడుందో పిల్లకు తెలియదు. ఎనిమిది దెబ్బలు అన్నీ ఒకేలా ఉంటే అయిదోది ఏదో ఆరోది ఏదో చేతికి ఎలా తెలుస్తుంది?

రెండో తప్పు అంతకంటే సూక్ష్మమైనది. మువ్వ మన వైపు తిరిగి కుడిచేత్తో తాళం వేస్తే, ఆ చేయి టీవీలో మనకు ఎడమవైపు కనిపిస్తుంది. చిన్నపిల్లలు ఎదుటివారిని అద్దంలో చూసినట్లు అనుకరిస్తారు. ఎడమవైపున్న చేయి కదిలితే వాళ్లూ ఎడమచేయే కదుపుతారు. తరగతిలో కూడా మేం ఎదురుగానే కూర్చుంటాం. కానీ అక్కడ పిల్ల చేయి పట్టుకుని మార్చేస్తాం. టీవీ పట్టుకోలేదు.

రెండింటికీ కలిపి ఒకే పరిష్కారం దొరికింది. మువ్వ కుడి భుజం విప్పి, స్పాంజి చేయి తీసేసి, ఆ చొక్కా చేతిలోంచి నిజమైన చేయి బయటకు రావాలని నిర్ణయించాం. పెద్దవారి చేయి పెడితే మువ్వ ముఖం కంటే చేయి పెద్దదైపోతుంది. నా దగ్గర నేర్చుకునే పదకొండేళ్ల అమ్మాయి, వాళ్ల అమ్మ పక్కన ఉండగా, మువ్వ రంగు తొడుగు వేసుకుని తల ఆడించే ఆయన భుజానికి ఆనుకుని నిలబడింది. తల ఒకరిది, చేయి ఒకరిది. మొదటి రోజంతా ఆ చేయి వేరే ప్రాణిలాగా ఉంది. మువ్వ తల వంచితే చేయి తాళం వేస్తోంది, తల పాడుతుంటే చేయి ఆగిపోతోంది. సాయంత్రానికి కారణం తెలిసింది. ఆయన రికార్డు చేసిన పాట వింటూ పెదవులు ఆడిస్తున్నారు, అమ్మాయి లోపల తాను పాడుకుంటూ తాళం వేస్తోంది. ఇద్దరి లెక్కా వేరు.

దానికి మందు మాకు తోలుబొమ్మలాట ఆడించే ఒక పెద్దాయన చెప్పారు. అనంతపురం ప్రాంతం నుంచి తిరుపతికి ప్రదర్శనకు వచ్చినప్పుడు మా సెట్టుకు పిలిచాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఆ కళకు పేరుపడ్డ ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో ఆడించేవారే పాడతారు, మాట్లాడతారు, కాలి కింద చెక్క పలకలు తొక్కుతూ దరువు కూడా వేస్తారు. పెద్దాయన మా మువ్వ నోరు చకచకా కదలడం చూసి అన్నారు: "అమ్మా, మా బొమ్మలకు నోరు కదలదు. అయినా ఎవరు మాట్లాడుతున్నారో జనానికి తెలుస్తుంది. ఆడించేవాడు పాడుతుంటే వాడి ఊపిరి బొమ్మలోకి పోతుంది. మీవాడు పాడటం లేదు."

ఆ మాట విన్నాక పాటను ముందే రికార్డు చేసే పద్ధతి మార్చలేదు గానీ, చిత్రీకరణలో ఇద్దరినీ గట్టిగా పాడమన్నాం. తల ఆడించే ఆయనకు సంగీతం రాదు, మూడు వారాలు మా వరండాలో పిల్లలతో కూర్చుని నేర్చుకున్నారు. పాట మొదలయ్యే ముందు ఆయన ఊపిరి తీసుకుంటే మువ్వ ఛాతీ, భుజం కొద్దిగా పైకి లేస్తాయి. అది కనిపించగానే టీవీ ముందున్న పిల్లలూ ఊపిరి తీసుకుంటున్నారు. మువ్వ నోటి కదలికలను సగానికి తగ్గించాం. చేయి, తల ఒక్కటయ్యాయి.

తాళం పాఠం ఉన్న చోట కెమెరాను మువ్వ వెనుకకు మార్చాం. భుజం మీదుగా చూస్తే మువ్వ కుడిచేయి టీవీలో కూడా కుడివైపే ఉంటుంది. ప్రతి భాగం మొదట్లో మువ్వ కుడి మణికట్టుకు తాత ఎర్రదారం కడతాడు, "నువ్వూ కట్టించుకో" అంటాడు. ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ పనిని కంకణం కట్టినంత శ్రద్ధగా చేస్తున్నారు.

ఎడిటింగ్‌లో ఇంకో జాగ్రత్త అవసరమైంది. సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. మాటల సన్నివేశంలో ధ్వని ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా సరిపెట్టుకోవచ్చు. తాళం సన్నివేశంలో వీలు కాదు. పిల్ల చేయి కంటిని అనుసరిస్తుంది, గొంతు చెవిని అనుసరిస్తుంది. రెంటి మధ్య తేడా ఉంటే ఆ పిల్ల చేయి, గొంతు విడిపోతాయి. ప్రతి ఆవర్తనంలో మొదటి దెబ్బ తగిలిన ఫ్రేమును కంటితో చూసి మరీ కలిపాం. ఎడిటర్ ఈ పనికి మొదట విసుక్కున్నారు. ఇప్పుడు నేను చెప్పకముందే చూసుకుంటున్నారు.

మిగిలిపోయినవి

పదమూడు భాగాలు చూసిన పిల్లల్లో చాలామంది ఆరేడు సరళీ వరుసలు తంబూరాతో కలిపి పాడగలుగుతున్నారు. మొదటి కాలంలో బాగానే ఉంటుంది, వేగం రెట్టింపయ్యే రెండో కాలంలో తడబడతారు, మూడో కాలం మా వల్ల కాలేదు. టీవీతో అక్కడికి చేరుకోవచ్చని కూడా నాకు నమ్మకం లేదు. పిల్లలు ఎక్కడ తొందరపడుతున్నారో వినకుండా కాలం పెంచడం సరికాదు.

ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చుని విన్న పిల్లలకూ, ఒంటరిగా చూసిన పిల్లలకూ తేడా స్పష్టంగా కనిపించింది. ఆ కూర్చున్నవారికి సంగీతం రావలసిన అవసరం లేదు. ఒక నాయనమ్మకు స రి గ మ లు కూడా తెలియవు. కూరగాయలు తరుగుతూ "ఇంకోసారి పాడు, తంబూరాలో కలవలేదు" అనేదట. ఆ పిల్ల శ్రుతి ఎంతో శుద్ధంగా ఉంది. అందుకే తాత చేత ప్రతి భాగం చివర పెద్దవారితో ఒక నిమిషం మాట్లాడిస్తున్నాం: ఈ వారం ఏం వినాలి, మీ బిడ్డ ఎక్కడ ఆగితే పొరపాటు కాదు, ఎక్కడ ఆగితే మళ్లీ పాడించాలి. పిల్లల పాటను ఫోనులో రికార్డు చేసి పంపమని అడిగితే కొందరు పంపుతున్నారు. వారానికి ఒక సాయంత్రం అవి విని, ఒక్కొక్కరికీ ఒక వాక్యం జవాబు పంపుతున్నాను. వచ్చేవి ఎక్కువైతే నా ఒక్కదాని వల్ల కాదు. ఇంకా ఇద్దరు ఉపాధ్యాయులను అడగాలి.

రెండో విడత జంట వరుసలు. స స రి రి గ గ మ మ అన్నప్పుడు రెండో స్వరాన్ని కొద్దిగా నొక్కి పలకాలి. ఆ నొక్కు బొమ్మలో ఎలా కనిపించాలి అన్నది ఇప్పుడు మా ముందున్న పని. నోరు రెండుసార్లు తెరిస్తే రెండు స్వరాలూ ఒకేలా ఉన్నాయి. రెండోదానికి గడ్డం కొంచెం ముందుకు తోస్తే బాగుందని తల ఆడించే ఆయన అంటున్నారు. అలా చేసిన ముక్కను నిన్న మా వరండాలో పిల్లలకు చూపించాం. వాళ్లు స్వరం నొక్కకుండా గడ్డాలు మాత్రం ముందుకు తోశారు. కాబట్టి ఇంకో దారి వెతకాలి.

ఎడమచేత్తో తాళం వేసిన ఆరేళ్ల పిల్ల కూడా వాళ్లలో ఉంది. మణికట్టుకు ఎర్రదారం ఉంది. మొదటి కాలంలో కుడిచేత్తో, వేళ్లు లెక్కపెట్టుకుంటూ తాళం వేస్తుంది. రెండో కాలం రాగానే కుడిచేయి ఆగి, ఎడమ పిడికిలి మళ్లీ తొడ మీదికి వెళ్తుంది. నేను ఆ పిడికిలి మీద నా చేయి ఉంచి, మళ్లీ మొదటి కాలం నుంచి పాడిస్తున్నాను.